లెక్కకు రాని మడత

కీర్తనకు కోపం ముక్కు మీదే ఉంటుందని పెనుకొండలో వాళ్ళ వీధి మొత్తానికీ తెలుసు. కానీ ఆ సోమవారం పొద్దున హిందూపురం ఆఫీసులో వచ్చిన కోపం ముక్కు మీద ఆగే రకం కాదు. అరికాలి మంట నెత్తికెక్కింది. నేరుగా ప్రవీణ్ టేబుల్ దగ్గరికి పోయి, చేతిలోని ఫోన్ అతని కళ్ళకు అడ్డంగా పట్టింది.

"ఈ మాట ఎవరు రాసినారు సార్?"

ప్రవీణ్ ఆ చిన్న కంపెనీలో డిజైన్ పనులకు పెద్ద. కంపెనీ చేసేది పట్టుమగ్గాల మీద కూర్చునే జకార్డు పెట్టెలకు ఎలక్ట్రానిక్ బోర్డులు. ఏ వరుసలో ఏ పోగు లేవాలో, ఏది పడుకోవాలో పెట్టెకు చెప్పేది ఆ బోర్డే. పూర్వం ఆ పని చిల్లుల అట్టలు చేసేవి. ధర్మవరంలో సంజీవప్ప అనే సావుకారు తన కింద నేసే ఇళ్ళన్నిటికీ ఈ పెట్టెలు పెట్టించాడు. అన్ని ఇళ్ళలోనూ బాగానే నడుస్తున్నాయి, ఒక్క గంగాదేవి ఇంట్లో తప్ప. ఆమె మగ్గం మీద అంచులోని నెమళ్ళు ఉన్నట్టుండి పక్కకు జరిగిపోతున్నాయి. పెళ్ళి చీరలు పాడైపోయాయి. సంజీవప్ప కంపెనీని నిలదీస్తే కంపెనీ పంపిన జవాబు ఇప్పుడు కీర్తన ఫోన్‌లో ఉంది.

'ఫీల్డ్ సాల్వర్ పరీక్షలో బోర్డులో ఏ లోపమూ కనబడలేదు. నేసేవారి కాలి తొక్కుడులో తడబాటు వల్ల డిజైన్ తప్పుతోంది.'

"నేనే రాసినా. ఏం, తప్పా?" అన్నాడు ప్రవీణ్ కాఫీ చప్పరిస్తూ.

"ఫీల్డ్ సాల్వర్ అంటే ఏ ఫీల్డ్ సాల్వర్?"

"టూడీ చేసినాం, రెండున్నరా చేసినాం. రెండూ పాస్. టూడీ నడిపింది నువ్వే గదమ్మా!"

అదే ఆమె ఒళ్ళు మండించింది. నడిపింది తనే. రోజూ నడుపుతుంది. తీగలో కరెంటు పరుగెత్తేటప్పుడు దాని చుట్టూ క్షేత్రం లేస్తుంది, అది పక్క తీగ మీద పడితే లేని సంకేతం పుడుతుంది. ఎంత పడుతుందో బోర్డు చేయకముందే లెక్కగట్టి చెప్పే సాఫ్ట్‌వేర్ ఫీల్డ్ సాల్వర్. కానీ సాల్వర్లన్నీ ఒకటి కాదు. టూడీది అరటిబోదెను అడ్డంగా కోసి ఆ కోతను మాత్రమే చూస్తుంది, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా బోదె అలాగే ఉందని నమ్ముతుంది. చిటికెలో తేల్చేస్తుంది, అందుకే అందరికీ ముద్దు. రెండున్నరది బోర్డును ఓళిగల, అంటే బొబ్బట్ల, దొంతరలా పొరలు పొరలుగా చూస్తుంది. కరెంటు పొరలో పడుకుని పారవచ్చు, పొర నుంచి పొరకు నిట్టనిలువుగా దిగవచ్చు, అంతే. పొరలకు ఎక్కడా అంచే లేదనుకుంటుంది. త్రీడీది అలా కాదు. బోర్డునూ కనెక్టర్‌నూ తీగ వంపునూ పక్కనున్న ఇనుమునూ చుట్టూ ఉన్న గాలినీ చిన్న చిన్న గడులుగా కోసి, గడి గడికీ లెక్క చేస్తుంది. రోజంతా నములుతూ కూర్చుంటుంది. ఈ మూడింటిలో ఏదీ అబద్ధం చెప్పదు, అడిగినంతకు జవాబు చెబుతుంది. అడగనిదానికి కూడా జవాబు వచ్చినట్టు రాసేవాడిది అబద్ధం. ప్రవీణ్ రాసింది అదే.

"బోర్డు మీద గీతలను అడిగినాం సార్. బోర్డు నుంచి పెట్టెకు పోయే కేబుల్‌ను ఎవరడిగినారు? దాని వంపులను ఎవరు చూసినారు? త్రీడీ చెయ్యకుండానే ఏ లోపమూ లేదని ఎట్ల రాస్తారు?"

"మనం రాకెట్ చేస్తాండామా కీర్తనా? మగ్గం! ఆ త్రీడీకి రోజులు రోజులు కూచుంటే పన్లు యాడైతాయి? ఆమెకు వయసైంది, కాలు సరిగ్గా పడ్తా లేదు. అందరూ అదే అంటాండారు."

"అందరూ అంటే? మీరు అన్నాకే గదా అందరూ అంటాండేది!"

ప్రవీణ్ నవ్వి మానిటర్ వైపు తిరిగాడు. ఆ నవ్వు చూసి కీర్తనకు కాఫీ కప్పు తీసి నేలకు కొట్టాలనిపించింది.

ఆ మెసేజ్ ఆమెకు పంపింది గంగాదేవి కూతురు రోజా. హిందూపురంలో పాలిటెక్నిక్ చదివేటప్పుడు హాస్టల్‌లో ఒకే గదిలో ఉన్నారు ఇద్దరూ. ఇప్పుడు రోజా గుంతకల్లులో కాపురం ఉంటోంది. మెసేజ్ కింద ఇంకో మాట కూడా పెట్టింది. గురువారం సంజీవప్ప వచ్చి మగ్గం విప్పించి వేరే ఇంటికి ఇచ్చేస్తాడట. మగ్గం అతనిదే. ఊహ తెలిసినప్పటి నుంచి నేతలోనే బతికిన మనిషి తన తల్లి. ఆ కాలు తడబడిందని వీధంతా అనుకున్నాక ధర్మవరంలో ఇంకే సావుకారూ ఆమెకు పని ఇవ్వడు.

కీర్తన ఆ మధ్యాహ్నమే సెలవు పెట్టేసి ధర్మవరం బస్సెక్కింది.

గంగాదేవి ఇల్లు సన్నటి సందులో ఉంది. ముందు గది మొత్తం మగ్గమే. ఆమె మగ్గం ముందు లేదు. మూల గోడకు ఆనుకుని కూర్చుని రాట్నం మీద కండెలు చుడుతోంది. కీర్తనను చూసి లేచింది, చెయ్యి పట్టుకుంది, మంచినీళ్ళిచ్చింది. మగ్గం వైపు మాత్రం చూడలేదు.

"ఏంటికక్కా ఆడ కూచున్నావు? మగ్గం ఈడుంటే?" అంది కీర్తన.

"నా కాలు పోయిందమ్మా," అంది గంగాదేవి. పొయ్యి ఆరిపోయిందన్నంత మామూలుగా అంది.

కీర్తన పాడైన చీరను దీపం కిందికి లాక్కుని చూసింది. నెమలి మెడ వరకు చక్కగా ఉంది. ఆ పైన అంచు అంచంతా ఒక్క పోగు పక్కకు జరిగి ఉంది. మెడ ఒకచోట, తల ఒకచోట.

"పెడలు సగం తొక్కితే వరుస రెండుసార్లు పడాల. బొమ్మ సాగాల. ఇది అడ్డంగా జరిగింది గదక్కా!"

"అదే చెప్పినా. పోయిన నెలంతా చెప్తానే ఉన్నా. కాలు తడబడితే ఎట్లైనా జరుగుతాదిలేమ్మా అన్యారు. సావుకారు అన్యాడు, మీ సారన్యాడు, పక్కింటోళ్ళన్యారు. చెప్పి చెప్పి నాకే నమ్మకం పోయినాది. ఇప్పుడు కూచుంటే కాలు ఎప్పుడు తప్పుతాదో అని దాన్నే చూస్తాంటా. నేసేటోళ్ళు కాలును చూస్తారామ్మా ఎప్పుడైనా?"

కీర్తన చీర మడిచి పక్కన పెట్టింది. తల పైకెత్తి పెట్టెను చూసింది. చూసీ చూడగానే విషయం అర్థమైపోయింది.

బోర్డు నుంచి పెట్టెకు పోయే పట్టీలాంటి కేబుల్ ఎక్కడా వేలాడటం లేదు. దాన్ని మడత మీద మడత పెట్టి, పెట్టెలోని అయస్కాంతాలకు కరెంటు మోసే లావు తీగతో కలిపి, పసుపు రాసిన గుడ్డతో పైకప్పు దూలానికి బిగించి కట్టారు. ఆ దూలం ఇనుపది. మిగతా ఇళ్ళలో కొయ్య దూలాలు. గంగాదేవి ఇంటి పైకప్పు మాత్రం పెట్టె రాకముందు వానలకు కుంగితే ఇనుప గర్డరు వేయించుకున్నారు.

బోర్డు తన మాటను పెట్టెకు ఒక్కొక్క అక్షరంగా పంపుతుంది. ఒక తీగ భజనలో చిడతల్లా తాళం వేస్తూ ఉంటుంది. తాళం పడిన ప్రతిసారీ అక్షరాలన్నీ పోగులెత్తే కొక్కేల వెంట ఒక్కో కొక్కెం పక్కకు జరుగుతాయి. లావు తీగలో అయస్కాంతాల కరెంటు ఉన్నట్టుండి లేచి పడినప్పుడు, ఆ మడతలో, ఇనుము పక్కన, తాళం తీగ మీద ఒక దొంగ తాళం పడితే చాలు. నెమలి మొత్తం ఒక్క పోగు పక్కకు జరుగుతుంది. కాలికీ దానికీ ఏ సంబంధమూ లేదు.

"ఆ కట్టు ఒక్కసారి విప్పి చూద్దామా అక్కా?"

"వద్దమ్మా వద్దు. సావుకారు వచ్చేదాకా మగ్గం మీద ఎవురూ చెయ్యి పెట్టగూడదన్యాడు. మళ్ళ నేనే ఏదో చేసినానంటారు."

కీర్తన స్టూలెక్కి, ముట్టుకోకుండానే స్కేలుతో కొలుచుకుంది. ఫోటోలు తీసుకుంది. పెనుకొండలో బస్సు దిగేసరికి కోపం కాస్తా పనిగా మారింది.

మంగళవారం ఆఫీసుకు ఒంట్లో బాగాలేదని చెప్పేసింది. ఇంట్లోనే తన కంప్యూటర్‌లో, ఎవరైనా ఉచితంగా వాడుకోగల త్రీడీ సాల్వర్‌లో కూర్చుని బోర్డు కట్టింది, కనెక్టర్ కట్టింది, మడతలు కట్టింది, గర్డరు కట్టింది. మొదట కేబుల్ తిన్నగా ఉన్నట్టు పెట్టి నడిపింది. శుభ్రంగా వచ్చింది. తర్వాత మడతలు పెట్టి, దూలం కొయ్యదని చెప్పి నడిపింది. గీత కొంచెం లేచింది కానీ తాళంగా లెక్కపడేంత కాదు. ఇక ఇనుము పెట్టి వదిలింది. కంప్యూటర్ ఫ్యాను రొదకు వాళ్ళమ్మ ఓబులమ్మ వంటింట్లోంచి వచ్చి చూసింది.

"ఏమే, ఆ పెట్టెకు ఉబ్బసం వచ్చినాదా ఏమి? గస పోస్తాంది!"

"పోయనీలేమ్మా. ఒక మనిషి కాలు నిలబెట్టేందుకు పోస్తాంది."

ఓబులమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా కూతురి మొహం చూసి ఏమీ అడగకుండా అన్నం కలిపి పళ్ళెం పక్కన పెట్టిపోయింది. సాయంత్రానికి లెక్క తేలింది. తాళం తీగ మీద ముల్లులాంటి గీత నిటారుగా లేచింది. దొంగ తాళం! కీర్తన కుర్చీలోంచి లేచి ఇల్లంతా ఒక చుట్టు తిరిగొచ్చింది.

బుధవారం పొద్దున్నే ఆ రంగుల బొమ్మలు తీసుకుపోయి ప్రవీణ్ ముందు పెట్టింది. అతను చాలాసేపు చూశాడు. మొహంలో రంగు మారింది. తప్పు ఒప్పుకుంటాడనుకుంది కీర్తన. అంత అమాయకురాలు ఆమె!

"అద్భుతం కీర్తనా," అన్నాడు. "అంటే బోర్డుది ఏ తప్పూ లేదన్నమాట. తిన్నగా ఉంటే క్లీన్ అని నీ బొమ్మే చెప్తాంది. కేబుల్ మడిచి ఇనుముకు కట్టినారు. అట్ల కట్టమని మనం చెప్పినామా? కాలు గాకుంటే చెయ్యి. ఎట్లైనా తప్పు వాళ్ళదే. రేపు నేనే పోయి సంజీవప్పకు చూపిస్తా. ఆ బొమ్మలు నాకు పంపు."

కీర్తన బొమ్మలను తన వైపు లాక్కుంది. తను రోజంతా కూర్చుని తీసిన నిజాన్ని తీసుకుపోయి గంగాదేవి గొంతే కోయడానికి కత్తి చేసుకుంటున్నాడు! అదీ నవ్వుతూ!

"పంపను," అంది.

"అది కంపెనీ బోర్డమ్మా. దాని బొమ్మ గూడా కంపెనీదే. ఓనరు గారితో మాట్లాడినా. నువ్వు రేపు ఆడికి రావాల్సిన పనిలేదు."

పంపక తప్పలేదు. పంపే ముందు బొమ్మల కింద రాసిన ప్రతి మాటా అలాగే ఉండాలని మెయిల్‌లో రాసింది. అతను ఒక్క మాటా ఉంచడని తెలిసే రాసింది.

గురువారం రావద్దంటే రాకుండా ఉండే మనిషి కాదు కదా కీర్తన. ఆమె చేరేసరికి గంగాదేవి ఇంటి ముందు కంపెనీ కారు ఉంది, సందులో జనం ఉన్నారు. లోపల సంజీవప్ప కుర్చీలో, ప్రవీణ్ ల్యాప్‌టాప్ తెరిచి మగ్గం పక్కన. గంగాదేవి గోడ దగ్గర అదే మూలన నిలబడి ఉంది. కీర్తనను చూసి ప్రవీణ్ పళ్ళు బిగించాడు కానీ సావుకారు ముందు ఏమీ అనలేకపోయాడు.

"చూడప్పా," అన్నాడు ప్రవీణ్ తెర చూపిస్తూ. "కేబుల్ తిన్నగుంటే ఇట్ల శుభ్రంగా ఉండాది. మడిచి ఇనుముకు కట్టేసరికి ఇదో, ఈ ఎర్రగా లేచింది చూడు, ఇదే నెమలిని జరుపుతాండేది. త్రీడీలో చేయించినాం. ఇంతకంటే పెద్ద పరీక్ష లేదు. మా పెట్టెలో తప్పు లేదు. తీగ కట్టినోళ్ళది తప్పు."

సంజీవప్ప తెర వంక, దూలం వంక, గంగాదేవి వంక చూశాడు.

"ఏమ్మే గంగాదేవీ! నిండు పెళ్ళి చీరలు పాడు చేసి పెడితివి గదే! దాన్ని ఏంటికి కట్టినావు?"

గంగాదేవి తన చేతుల వంక చూసుకుంది. నెల రోజులుగా కాలు అన్నారు, నమ్మింది. ఇప్పుడు చెయ్యి అంటున్నారు, అదీ నమ్మేసేటట్టుంది. అది చూసి కీర్తనకు తిక్క రేగింది.

"నోరు విప్పక్కా! ఎవరు కట్టినారో చెప్పు! నువ్వే కట్టింటే నువ్వే అను, లేకుంటే కాదను! ఊరికే నిలబడితే నీ నెత్తిన రుద్ది పోతారు!"

ఆ అరుపుకు గంగాదేవి ఉలిక్కిపడింది.

"నేను యాడ కట్టినానమ్మా?" అంది మెల్లగా. "ఈ సారే గదా కట్టింది."

"నేనా?" అన్నాడు ప్రవీణ్.

"పూజ నాడు. మా ఇండ్లల్లో మగ్గానికి కొత్తది ఏదొచ్చినా తెచ్చినోళ్ళ చేత్తోనే కట్టిస్తాం గదా. పడుగు మీద ఏదీ యాలాడగూడదు సారూ అని నేనే చెప్తి. ఎంత పని లేమ్మా అని నువ్వు స్టూలెక్కి, మడిచి మడిచి పసుపు గుడ్డ కట్టితివి. సావుకారు నీకు శాలువా కప్పె. తెచ్చినోళ్ళు కట్టిన ముడిని మేమెట్ల విప్పుతాం?"

సందులోని జనంలో గొణుగుడు లేచింది. అన్ని ఇళ్ళలోనూ అంతే. అన్ని ఇళ్ళలోనూ ప్రవీణే కట్టాడు. సంజీవప్ప కుర్చీలోంచి ముందుకు వంగాడు.

"అవునప్పా. నేనుండా గదా ఆ పొద్దు."

"అది... పూజకు కట్టింది గదప్పా," ప్రవీణ్ తడబడ్డాడు. "అది శాస్త్రానికి కడతారు, తర్వాత విప్పుకుంటారు అనుకుంటి. శాశ్వతంగా అట్లే ఉంచుకుంటారని నాకేం తెలుసు?"

"తెలుసుకోవాల!" కీర్తన గొంతు సందు దాటి వినబడింది. "అడగాల! ఎవరింట్లో పెడతాండావో ఆ ఇంటిని చూడాల! నీ చేత్తో నువ్వే కట్టి, నువ్వే మర్చిపోయి, అడ్డకోత చూసి అంతా బాగుందని రాసి, ఆమె కాలు మీద తోస్తివి. కాలు కాదని తేలితే చెయ్యి అంటివి. ఇప్పుడు చెప్పు. ఇంతకంటే పెద్ద పరీక్ష లేదంటివి గదా. తీగ కట్టినోళ్ళది తప్పంటివి గదా. కట్టింది ఎవరు?"

ప్రవీణ్ ల్యాప్‌టాప్ మూసేశాడు. కేబుల్‌కు గొట్టం వేసి తిన్నగా గోడ వెంబడి దించుతామనీ, ఇవాళే చేయిస్తాననీ సంజీవప్పతో ఏదో గొణిగాడు. కీర్తన వదల్లేదు. అతని దారికి అడ్డంగా నిలబడింది. చివరికి అతను తల వంచుకుని, "నేనే," అన్నాడు. గడప బయటున్న వాళ్ళకు వినబడలేదని ఎవరో ముసలాయన అంటే మళ్ళీ అనాల్సి వచ్చింది.

సంజీవప్ప లేచి, తనే స్టూలు లాగి ప్రవీణ్‌కు చూపించాడు. ప్రవీణ్ ఎక్కి ముడి విప్పాడు. కేబుల్‌ను దూలానికి దూరంగా, పక్క కొయ్య గుంజ మీదికి తిన్నగా తీశాడు. పసుపు గుడ్డ అతని చేతిలోనే ఉండిపోయింది.

"అయిపాయ," అన్నాడు సంజీవప్ప చేతులు దులుపుకుంటూ. "మగ్గం యాడికీ పోదులే గంగాదేవీ. కూచో. ఒక రెండు వరుసలు వెయ్యి, చూద్దాం."

అయిపోయిందట! కీర్తన అతని వంక కూడా మండిపోతూ చూసింది. గంగాదేవి మూల నుంచి వచ్చింది. చీర కుచ్చెళ్ళు సర్దుకుని మగ్గం గుంటలోకి దిగి కూర్చుంది. చేతులు వాటంతటవే పడుగు మీదికి పోయాయి. కుడి కాలు పెడలు మీద పెట్టింది.

కాలు వణికింది. నిజంగానే వణికింది. అంతమంది కళ్ళూ ఆ కాలు మీదే ఉన్నాయి, ఆమెవి కూడా.

"తొక్కు, ఏం కాదులే, తొక్కు," అన్నాడు సంజీవప్ప.

తొక్కలేదు. మోకాలిని రెండు చేతులతో అదిమి పట్టుకుంది. వణుకు ఆగలేదు. తల ఎత్తినప్పుడు ఆమె మొహంలో ఏడుపు లేదు. కీర్తన అంతవరకు ఆమెలో చూడనంత కోపం ఉంది.

"అందరూ బయటికి పోండి," అంది గంగాదేవి.

"ఏమ్మే, నేను..."

"నువ్వు గూడా సావుకారూ. మంచిగున్న కాలును నెల రోజులు అందరూ కలిసి ఇట్ల చేస్తిరి. ఇప్పుడు నిలబడి తమాషా చూస్తారా? పోండి!"

ప్రవీణ్ ముందే జారుకున్నాడు. సంజీవప్ప గొణుక్కుంటూ గడప దాటాడు. కీర్తన స్టూలు జరుపుకుని ఆమె పక్కన కూర్చోబోయింది.

"నువ్వు గూడా పో తల్లీ," అంది గంగాదేవి ఆమె వైపు చూడకుండా. "నీకు మేలు జరగాల. కానీ నువ్వు గూడా నా కాలే చూస్తాండావు."

కీర్తనకు చెంపదెబ్బ తిన్నట్టయింది. స్టూలు వదిలి బయటికొచ్చి తలుపు దగ్గరికి లాగింది. ఎండలో సందు నిండా జనం నిలబడి ఉన్నారు. పక్క ఇళ్ళలో మగ్గాలు ఆడుతున్నాయి. ఈ ఇంట్లోంచి మాత్రం చప్పుడు లేదు. చాలాసేపు లేదు.

"ఏమి, ఇంకా?" అని సంజీవప్ప తలుపు మీద చెయ్యి వేయబోయాడు. కీర్తన చెయ్యి అడ్డం పెట్టింది. ఆయన తనకంటే పెద్దవాడనీ, సావుకారనీ ఆ క్షణంలో ఆమెకు తోచలేదు.

లోపల పెడలు ఒక్కసారి పడింది. పెట్టె కొక్కేలు ఎత్తిన చప్పుడు వచ్చింది. తర్వాత ఏమీ లేదు. అందరూ చెవులు రిక్కించారు. సంజీవప్ప మళ్ళీ కదిలాడు.

"ఇప్పుడే వద్దు," అంది కీర్తన. చెయ్యి తియ్యలేదు.